పుట్టుకతో వచ్చిన రాగి జుట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. పెళ్ళయ్యాక నెల్లూరు వచ్చాను. నలభై ఏళ్ళుగా నా తల మీద ఉన్నది రాగి రంగు జుట్టే. బస్సులో అడుగుతారు, చేపల మార్కెట్లో అడుగుతారు. రొట్టెల పండగకు స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో రొట్టె పట్టుకుని నిలబడితే, పక్కన ఉన్నావిడ తన కోరిక కూడా మర్చిపోయి "ఏమ్మా, ఆ జుట్టేంది అట్లుంది?" అని అడిగింది. ఈ మధ్య ఇలాంటి జుట్టున్న పిల్లల్ని వెంటపెట్టుకుని తల్లులు కూడా వస్తున్నారు. వాళ్ళ కళ్ళలో భయం చూశాక, అందరూ అడిగేవన్నీ ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

ఇది సొంత జుట్టేనా? రంగు వేశారా?

సొంతదే. తెలుసుకోవడం తేలిక. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రంగు వేసుకున్న వాళ్ళకు నెల తిరక్కుండానే పాపిట దగ్గర అసలు రంగు బయటపడుతుంది. నాకు పాపిట నుంచి జడ కొస దాకా ఒకటే రంగు. కనుబొమలు, చేతుల మీది నూగు కూడా అదే. వంటింట్లో ముదురు గోధుమ రంగులా ఉంటుంది, వాకిట్లోకి వస్తే తోమిన చెంబులా మెరుస్తుంది. మా నాయన పొగాకు రైతు. పొగాకు కాల్చే బ్యారన్‌లో బాగా కాలి దిగిన ఆకు రంగు అని చెప్పేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ ఇష్టం, ఎందుకంటే మా ఊళ్ళో ఆ రంగు ఆకుకే వేలంలో మంచి ధర పలికేది.

మన తెలుగువాళ్ళకు ఎర్ర జుట్టు ఎలా వస్తుంది? మీ పూర్వీకుల్లో దొరలెవరైనా ఉన్నారా?

ఈ ప్రశ్న రెండో సగం మా నాయనమ్మను చాలా బాధపెట్టింది. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

జుట్టుకు రంగునిచ్చేది మెలనిన్. అది రెండు రకాలు. యూమెలనిన్ నలుపు, గోధుమ రంగుల్ని ఇస్తుంది. ఫియోమెలనిన్ ఎరుపు, పసుపు ఛాయల్ని ఇస్తుంది. నల్ల జుట్టు వాళ్ళకు మొదటిది బాగా ఎక్కువ. ఎంసీ1ఆర్ అనే జన్యువు, కుదుళ్ళలో రంగు తయారుచేసే కణాలకు నలుపు చేయమని చెబుతుంది. ఆ జన్యువులో మార్పు ఉంటే ఆ కబురు సరిగా అందక ఎరుపు పాలు పెరుగుతుంది. స్కాట్లాండ్, ఐర్లాండ్ వాళ్ళ ఎర్ర జుట్టుకు ముఖ్య కారణం ఇదేనని 1995లో తేలింది. ప్రపంచం మొత్తం మీద ఎర్ర జుట్టు వాళ్ళు నూటికి ఒకరిద్దరే అని అంచనా.

అయితే జుట్టు రంగు మారడానికి దారి అదొక్కటే కాదు. టీవైఆర్‌పీ1 అనే ఇంకో జన్యువు ఉంది. దానిలో వచ్చిన మార్పుల వల్ల దక్షిణ ఆఫ్రికాలో నల్లజాతి వాళ్ళలో కొందరికి ఎర్రటి జుట్టు, రాగి ఛాయ చర్మం ఉంటాయి. పసిఫిక్‌లోని సాలమన్ దీవుల్లో కొంతమందికి నల్లటి ఒంటి మీద బంగారు రంగు జుట్టు ఉంటుంది. వాళ్ళను కూడా యూరప్ వాళ్ళు వచ్చి పోయిన గుర్తు అనే అనుకున్నారు. 2012లో పరిశోధకులు చూస్తే, అది అదే టీవైఆర్‌పీ1లో ఆ దీవుల దగ్గరే పుట్టిన మార్పు, యూరప్‌ వాళ్ళలో లేనిది. కాబట్టి జుట్టు రంగు చూసి ఒక ఇంటి ఆడవాళ్ళ గురించి ఏదేదో ఊహించడం తప్పు. తమాషాకు కూడా అనొద్దు. వినే ముసలమ్మకు అది తమాషాగా ఉండదు.

మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

మా నాయనమ్మకు ఉండేది. మా అమ్మ మా నాయనకు సొంత మేనమామ కూతురు, అంటే నాయనమ్మ తమ్ముడి బిడ్డ. అమ్మకూ నాయనకూ ఇద్దరికీ నల్ల జుట్టే. ఇలాంటి జన్యువులు ఎక్కువగా రెండు వైపుల నుంచి వస్తేనే పైకి కనిపిస్తాయి, ఒక వైపు నుంచే వస్తే లోపల ఉండిపోతాయి. మేనరికంలో ఒకే ఇంటి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే అవకాశం పెరుగుతుంది. నాకు జరిగింది ఇదే. తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు కనిపించే అవకాశం నాలుగింట ఒక వంతు. మా తమ్ముడికి రాలేదు. మా ఆయనది బయటి సంబంధం, మా పాపకు నల్ల జుట్టే.

పిల్లకు సరైన తిండి లేక జుట్టు ఎర్రబడిందని అంటున్నారు. నిజమా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. ఒక్క మాటలో కొట్టిపారేయకూడదు, ఎందుకంటే అలా అయ్యే మాట నిజం.

ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: పుట్టుకతో వచ్చిందా, మధ్యలో మారిందా? పుట్టినప్పటి నుంచి అదే రంగు, జుట్టు ఒత్తుగా గట్టిగా ఉంది, పిల్ల బరువు పెరుగుతోంది, ఆడుకుంటోంది అంటే తిండిని అనుమానించే పని లేదు. నల్లగా ఉన్న జుట్టు నెలల్లో ఎర్రబారి, పలచబడి, పట్టుకుంటే ఊడొస్తుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

క్వాషియోర్కర్ అనే జబ్బు ఉంది. 1930లలో ఇప్పటి ఘనా దేశంలో పనిచేసిన సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ దాన్ని లోకానికి చెప్పింది. ఆ పేరు అక్కడి వాళ్ళ భాషలోదే. తర్వాతి బిడ్డ పుట్టగానే తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చే జబ్బు అని దానికి అర్థం. పాదాలు ఉబ్బుతాయి, చర్మం పొరలుగా లేస్తుంది, జుట్టు రంగు మారుతుంది. కొన్నాళ్ళు తిండి సరిగా ఉండి కొన్నాళ్ళు లేకపోతే ఒకే వెంట్రుక మీద నలుపు, ఎరుపు పట్టీలుగా కూడా కనిపిస్తుంది. మన దేశంలో ఈ జబ్బు మీద డాక్టర్ సి. గోపాలన్ ఎంతో పనిచేశారు. ఆయన నడిపిన జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది.

మీ ఊరి అంగన్‌వాడీలో దండచేయి చుట్టుకొలత చూసే టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే తీవ్రమైన పోషకాహార లోపం కింద లెక్క. రెండు పాదాల మీదా వేలితో నొక్కితే గుంట పడుతున్నా అంతే. అప్పుడు నూనెల కోసం తిరగకుండా నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నన్ను చిన్నప్పుడు చూసిన ప్రతి ఒక్కరూ "బిడ్డకు తిండి పెట్టడం లేదా?" అని అమ్మనే అడిగేవాళ్ళు. గేదె పాలు, గుడ్డు, రాగి సంగటి, వారానికి రెండుసార్లు చేపల పులుసు పెట్టిన తల్లి ఆమె. ఆ మాట విన్న రోజు రాత్రి నాకు ఇంకో ముద్ద ఎక్కువ కలిపేది. నేను కడుపు నొప్పి అని ఏడ్చేదాన్ని.

డాక్టర్‌కు చూపించాల్సిన గుర్తులు ఇంకేమైనా ఉన్నాయా?

పుట్టుకతో వచ్చిన రంగే అయినా కళ్ళు గమనించండి. కనుగుడ్లు అటూ ఇటూ కదులుతూ నిలకడగా లేకపోయినా, వెలుతురు చూడలేకపోతున్నా, బోర్డు కనిపించడం లేదన్నా కంటి పరీక్ష తప్పనిసరి. పుట్టుకతోనే ఒంట్లో రంగు సరిగా తయారవకపోవడాన్ని ఆల్బినిజం అంటారు. దానిలో కొన్ని రకాల్లో జుట్టు తెల్లగా కాకుండా ఎర్రగానే ఉంటుంది. చూపు సంగతి ముందే తెలిస్తే అద్దాలు పెట్టించి, బడిలో ముందు బెంచీలో కూర్చోబెట్టవచ్చు. నన్ను పదేళ్ళ వయసులో నెల్లూరు పొగతోటలో డాక్టర్‌కు చూపించారు. కళ్ళు, చర్మం, గోళ్ళు అన్నీ చూసి "ఇది జబ్బు కాదు, మందు రాయను" అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు కానీ, కావలిలో బస్సు ఆగితే దిగి నాకు నిమ్మకాయ సోడా కొనిచ్చాడు.

మా నీళ్ళ వల్ల, ఎండ వల్ల ఇలా అవుతుందా?

ఎండ వల్ల అవుతుంది, కానీ అది వేరే రకం. మైపాడు, కొత్తపట్నం వైపు పొద్దస్తమానం ఉప్పు నీళ్ళలో, ఎండలో ఉండే పిల్లల జుట్టు కొసలు ఎర్రబడతాయి. ఎండ వెంట్రుకలోని మెలనిన్‌ను విరగ్గొడుతుంది. కుదుళ్ళ దగ్గర మాత్రం నల్లగానే ఉంటుంది.

కనిగిరి వైపు వాళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళ గురించి అడుగుతారు. ఆ నీళ్ళు చేసే చెడు పళ్ళకూ ఎముకలకూ. అది చాలా పెద్ద బాధ, దాని మీద కొట్లాడాల్సిందే. కానీ పుట్టుకతో వచ్చిన జుట్టు రంగుకు ఫ్లోరైడ్ కారణం కాదు.

గుండు చేయిస్తే నల్ల జుట్టు వస్తుందా?

రాదు. నాకు పుట్టెంట్రుకలు పెంచలకోనలో తీయించారు. నల్లగా రాలేదని జొన్నవాడలో ఒకసారి, తిరుమలలో రెండుసార్లు గుండు చేయించారు. నాలుగుసార్లూ అదే రాగి రంగు మొలిచింది. పైకి కనిపించే వెంట్రుకలో ప్రాణం ఉండదు. రంగు తయారయ్యేది చర్మం లోపల, కుదుట్లో. కత్తి అంత లోపలికి పోదు.

మరి ఎదురింటి పిల్లకు గుండు తర్వాత నల్లగా వచ్చిందే అంటారు. చాలామంది పసిపిల్లలకు మొదట లేత రంగులో ఉన్న జుట్టు పెరిగేకొద్దీ తనంతట తానే ముదురుతుంది. గుండు చేయించినా చేయించకపోయినా ఆ పిల్లకు నల్లబడేదే. మొక్కు ఉంటే తీర్చుకోండి, తలనీలాలు దేవుడికిచ్చేవి. జుట్టు రంగు మార్చమని పిల్లను మళ్ళీ మళ్ళీ మంగలి ముందు కూర్చోబెట్టొద్దు. బడికి వెళ్ళే వయసు ఆడపిల్లకు గుండుతో వెళ్ళడం ఎంత కష్టమో నాకు తెలుసు.

గుంటగలగరాకు నూనె, కరివేపాకు, రాగి చెంబులో నీళ్ళు?

నూనె రాస్తే జుట్టు ముదురుగా కనిపిస్తుంది, తలంటుకుంటే మళ్ళీ మామూలే. కరివేపాకు తింటే మంచిది, రంగు మారదు. రాగి సంగతి మాత్రం ఆసక్తిగా ఉంటుంది. మెలనిన్ తయారు చేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్‌కు రాగి ధాతువు నిజంగానే కావాలి. ఒంట్లో రాగి బాగా తగ్గిపోతే జుట్టు వెలిసిపోతుంది. కానీ మామూలు భోజనంలో అది సరిపోయేంత దొరుకుతుంది. పుట్టుకతో ఇలా ఉన్నవాళ్ళకు లోపం రాగిలో లేదు, కాబట్టి చెంబు నీళ్ళతో నల్లబడదు.

బడిలో ఏం జరుగుతుంది? ఏం చేయాలి?

పేర్లు పెడతారు. కొబ్బరి పీచు, మొక్కజొన్న పీచు, దొరసాని. నన్ను బాధపెట్టింది మాత్రం పిల్లలు పెట్టిన పేర్లు కాదు.

ఎనిమిదో తరగతిలో వేరే బడికి మారాను. రెండో రోజే ప్రార్థన దగ్గర ఒక టీచర్ నన్ను ముందుకు పిలిచి, అందరూ చూస్తుండగా నా రెండు జడలూ పట్టుకుని "ఇది బడా, సినిమానా? రేపటికల్లా ఈ రంగు కడుక్కుని రా" అన్నారు. పుట్టుకతోనే అని చెప్తే అబద్ధం కూడా నేర్చావా అన్నారు. ఆ సాయంత్రం బావి దగ్గర కుంకుడు రసంతో చర్మం మండేదాకా రుద్దుకున్నాను. పోదని తెలుసు. అయినా రుద్దాను.

నాయనమ్మ చూసింది. ఏమీ అడగలేదు. తన ట్రంకు పెట్టె తీసి, పాత గుడ్డలో చుట్టిన సవరం బయటికి తీసింది. వయసులో ఉన్నప్పుడు దువ్వెనకు వచ్చిన సొంత వెంట్రుకలన్నీ దాచి అల్లించుకున్న సవరం అది. అప్పటికి ఆమె తల పూర్తిగా నెరిసింది. సవరం మాత్రం నా జడ రంగులోనే ఉంది. మర్నాడు నాయన దాన్ని పేపర్లో చుట్టుకుని నాతో బడికి వచ్చాడు. పెద్ద టీచరమ్మ బల్ల మీద విప్పి, నా జడ పక్కన పెట్టి, "మా అమ్మది, అమ్మా. చూడండి" అన్నాడు. కోపంగా అనలేదు. ఆవిడ చేత్తో తాకి చూసి, నన్ను క్లాసుకు వెళ్ళమన్నారు. ప్రార్థన దగ్గర నన్ను నిలబెట్టిన టీచర్ ఆ తర్వాత ఏమీ అనలేదు. క్షమించమనీ అనలేదు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మాట: గొడవ జరిగేదాకా ఆగొద్దు. చేర్పించే రోజే పసితనం ఫొటో తీసుకెళ్ళి, క్లాస్ టీచర్‌కూ పీఈటీ టీచర్‌కూ చూపించి, పుట్టుకతో వచ్చిన రంగని చెప్పి రండి. పిల్లతో పాటు వెళ్ళండి. నాన్న తన పక్షాన మాట్లాడటం పిల్ల చూడాలి.

నల్ల రంగు వేయించవచ్చా?

పెద్దవాళ్ళు ఇష్టపడి వేసుకుంటే వాళ్ళ ఇష్టం. పిల్లలకు వద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి అది అస్సలు పడదు. నా ఇరవై ఒకటో ఏట పెళ్ళిచూపులకు ముందు రోజు మా అత్త నాకు రంగు వేసింది. తెల్లారేసరికి నుదురు వాచి, రెప్పలు తెరుచుకోలేదు. పెళ్ళిచూపులు ఆగాయి, వారం రోజులు మందులు వాడాను. వేసుకోవాలనుకుంటే చెవి వెనకో మోచేతి మడతలోనో కాస్త రాసి 48 గంటలు చూడండి. దురద, వాపు వస్తే ఆ డబ్బా పారేయండి. ఒకసారి పడకపోతే ఇక ఎప్పటికీ పడదనే లెక్క, ప్రతిసారీ ఎక్కువవుతుంది. నల్ల హెన్నా పేరుతో అమ్మేవాటిలో కూడా పీపీడీ కలుపుతారు. మామూలు గోరింటాకు నలుపు ఇవ్వదు, ఎరుపే ఇస్తుంది. మనకు అది ఎటూ ఉంది.

ఇలాంటి జుట్టున్న పిల్ల ఇంటికి అరిష్టమా? పెళ్ళి అవుతుందా?

నా రెండో సంబంధం వాళ్ళు శాస్త్రంలో ఉందన్నారు. ఉన్నమాట నిజమే. మనుస్మృతి మూడో అధ్యాయంలో, పెళ్ళాడకూడని కన్యల్లో కపిల వర్ణం, అంటే ఈ రాగి ఛాయ ఉన్న కన్య కూడా ఉంది. అంటే ఈ రంగు జుట్టు మన నేలకు కొత్తది కాదని కూడా దానివల్లే తెలుస్తోంది. ఆ పక్క శ్లోకంలోనే నక్షత్రం పేరు, నది పేరు, చెట్టు పేరు పెట్టుకున్న పిల్లనూ చేసుకోవద్దని ఉంది. రేవతి, రోహిణి, గంగ, యమున, తులసి మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళ పెళ్ళిళ్ళు ఎవరూ ఆపలేదు. కపిల గోవును దానమిస్తే మహా పుణ్యమంటారు. సాంఖ్య దర్శనం చెప్పిన మహర్షి పేరే కపిలుడు. అదే రంగు ఆడపిల్ల తల మీద కనబడితే చెడ్డదెలా అవుతుంది?

నాకు ఇరవై మూడో ఏట పెళ్ళయింది. మా ఆయన అడిగింది ఒక్కటే, "రంగేస్తే మొహం వాస్తుందంట గదా, మరి ఎందుకు వేశారు?" అని.

ఎండలో జాగ్రత్తలు అవసరమా?

జుట్టుతో పాటు ఒళ్ళు కూడా తెల్లగా ఉండి, బుగ్గల మీద చిన్న గోధుమ మచ్చలు వచ్చేవాళ్ళకు చాలా అవసరం. ఎంసీ1ఆర్ మార్పు ఉన్న తెల్ల చర్మం వాళ్ళకు చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువని రుజువైంది. నెల్లూరు ఎండలు మామూలువి కావు. గొడుగు, పొడుగు చేతుల బట్టలు, ఎండ నుంచి కాపాడే ఎస్‌పీఎఫ్ 30 క్రీము వాడండి. మచ్చ పెరిగినా, రంగు మారినా చూపించుకోండి.

ఆపరేషన్‌లో మత్తు ఎక్కదంటారు?

2004లో అమెరికాలో ఎర్ర జుట్టు ఉన్న పదిమంది ఆడవాళ్ళ మీద జరిగిన పరిశోధనలో, మత్తు వాయువు సుమారు 19 శాతం ఎక్కువ అవసరమైందని తేలింది. తర్వాత ఎక్కువమంది మీద జరిగిన వాటిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మత్తు డాక్టర్‌కు ఒక మాట చెప్పండి, టెన్షన్ పడొద్దు. నా సిజేరియన్ మామూలుగానే జరిగింది.

వయసు మీద పడితే?

ఈ జుట్టు మెల్లగా వెలిసి, ఇసుక రంగుకు వచ్చి, ఆపైన తెల్లబడుతుంది. నాకు చెవుల పక్కన మొదలైంది.

సవరాలన్నీ నలుపే దొరుకుతున్నాయి. పెళ్ళికి పూలజడ ఎలా వేయాలి?

కొన్న నల్ల సవరం కలిపితే జడ సగం నుంచి రంగు తెగినట్టు కనబడుతుంది, పూలు ఎన్ని కుట్టినా దాగదు. నా పెళ్ళికి నాయనమ్మ సవరమే వాడాం. బడిలో బల్ల మీద పెట్టిందే. ఎక్కడ నా జుట్టు ఆగి ఆమెది మొదలైందో జడ వేసినావిడ కూడా పోల్చుకోలేకపోయింది.

మీ ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే ఇప్పటి నుంచే దాచండి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు పారేయకుండా చిక్కు తీసి, తడి లేకుండా ఆరబెట్టి, గుడ్డ సంచిలో వేయండి. పదేళ్ళకు ఒక సవరానికి సరిపోతాయి. ఎండ తగలనీయకండి, వెలిసిపోతుంది. పురుగు పట్టకుండా నాలుగు ఎండు వేపాకులు వేయండి, ఏడాదికోసారి మార్చండి.